తాకకుండా చూసే కన్ను
రంగు గాజు కిటికీలను కాపాడుతున్న విజ్ఞానం

గాజు పగిలితే అతకదని మన పెద్దలంటారు. అయితే ఎనిమిది వందల ఏళ్ల కిందట వేలాది గాజు ముక్కలను సీసపు పట్టీలతో కలిపి చేసిన కిటికీలు ఐరోపాలోని పెద్ద చర్చిలలో నేటికీ నిలిచి ఉన్నాయి. పొద్దున సూర్యుడు ఒకవైపు నుంచి, సాయంత్రం మరోవైపు నుంచి వెలుగు పంపుతుంటే ఆ కిటికీలలోని బొమ్మలు రంగులు మార్చుకుంటూ మెరుస్తాయి. అక్షరం రాని జనానికి అవి ఒకప్పుడు బొమ్మల పుస్తకాలు. వాటిని ఇంగ్లీషులో స్టెయిన్డ్ గ్లాస్ అంటారు. మనం రంగు గాజు కిటికీలు అందాం.

ఇవి చూడటానికి అంత దూరం పోనక్కరలేదు. మన మెదక్ చర్చికి వెళ్ళినవారు అలాంటివి మూడు పెద్ద కిటికీలను చూసే ఉంటారు. ఏసుక్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం వాటిలో కనిపిస్తాయి. ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడు వాటిని రూపొందించాడు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ కరువు రోజుల్లో కూలీలకు పని, తిండి దొరకాలని మొదలుపెట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. రాళ్ళు మోసిన వేలమంది పేర్లు మనకు తెలియవు. ఐరోపా కిటికీల సంగతీ అంతే. వాటిని చేసినవారిలో చాలామందికి పేరు లేదు. వాళ్ళ చేతిపని ఒక్కటే వాళ్ళ సంతకం. ఆ సంతకం చెరిగిపోకుండా చూడటమే ఈ వ్యాసంలో చెప్పబోయే విజ్ఞానం పని.

కిటికీ ఎలా తయారైంది?

ఇసుకను ఒక్కదాన్నే కరిగించాలంటే 1700 డిగ్రీల వేడి కావాలి. పాతకాలపు కొలిమిలో అంత వేడి రాదు. అందుకని ఉత్తర ఐరోపావారు బీచ్ వంటి చెట్ల కట్టెలు కాల్చి, ఆ బూడిదను ఇసుకలో కలిపేవారు. బూడిదలోని పొటాషియం వల్ల ఇసుక తక్కువ వేడికే కరుగుతుంది.

కరిగిన గాజులో లోహాలు కలిస్తే రంగు వస్తుంది. కోబాల్ట్ ఉంటే నీలం. రాగి ఉంటే కొలిమిలోని గాలిని బట్టి ఆకుపచ్చో, ఎరుపో. మాంగనీస్ ఉంటే ఊదా. ఇనుము ఉంటే లేత ఆకుపచ్చ లేదా పసుపు. ఇంటర్ కెమిస్ట్రీలో పరివర్తన మూలకాల పాఠం చదివినవారికి ఇది కొత్త కాదు. ఎర్ర గాజుది ఒక చిక్కు. మందంగా పోస్తే అది నల్లగా కనిపిస్తుంది. అందుకే తెల్ల గాజు మీద ఎర్ర గాజును పల్చటి పొరగా వేసేవారు. 14వ శతాబ్దం మొదట్లో వెండి సమ్మేళనం పూసి కాల్చి పసుపు తెప్పించే పద్ధతి కూడా వచ్చింది.

రంగు ముక్కలను బొమ్మకు తగ్గట్టు కోసి, ముఖాలు, వేళ్ళు, బట్టల మడతలు నల్లటి రంగుతో గీసేవారు. ఆ రంగు ఇనుము లేక రాగి ఆక్సైడును గాజు పొడితో నూరి చేసింది. దాన్ని సుమారు 600 డిగ్రీల దగ్గర కాలిస్తే గాజుకు అంటుకుపోతుంది. చివరికి ముక్కలన్నిటినీ సీసపు పట్టీలలో బిగించేవారు.

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పాలి. పాత కిటికీ గాజు అడుగున మందంగా ఉంటుందనీ, గాజు ద్రవం కనుక మెల్లగా కిందికి జారిందనీ చాలాచోట్ల చెబుతారు. అది నిజం కాదు. మామూలు ఉష్ణోగ్రతలో గాజు కొన్ని వందల ఏళ్ళలో కంటికి కనిపించేంత జారదు. పాతకాలపు తయారీలో పలకలు ఒకే మందంలో వచ్చేవి కావు, అంతే.

గాజుకు పట్టే జబ్బు

ఇత్తడి చెంబుకు చిలుము పట్టినట్టు గాజుకూ పడుతుంది. బూడిదతో చేసిన గాజు నేటి గాజులాగా గట్టిది కాదు. వాననీరు, తేమ దాని పైపొరలోంచి పొటాషియం, కాల్షియంలను మెల్లగా లాగేస్తాయి. అవి గాలిలోని గంధకపు వాయువులతో కలిసి జిప్సం వంటి తెల్లటి పెచ్చుగా మారతాయి. గాజు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. గాజులో మాంగనీస్ ఉంటే ఆ పైపొర గోధుమరంగుకు తిరిగి, వెలుగు లోపలికి రాకుండా పోతుంది. లోపలివైపు చెమ్మ పడితే గీసిన ముఖాలు పొరలు పొరలుగా రాలిపోతాయి.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. నల్లగా కనిపించేది మసా, చిలుమా, లేక 13వ శతాబ్దపు కళాకారుడు గీసిన కనుబొమా? మామూలు కంటికి తేడా తెలియదు. తెలియకుండా చేయి వేస్తే ఏమవుతుందో చరిత్ర చూపింది. 19, 20వ శతాబ్దాలలో కొన్నిచోట్ల కిటికీలను శుభ్రం చేస్తామని ఆమ్లాలు పోశారు, బ్రష్షులతో గట్టిగా రుద్దారు. మురికితోపాటు ముఖాలూ పోయాయి. ఇంకొన్నిచోట్ల పాత ముక్కలు తీసి పాతవాటిలా కనిపించే కొత్తవి పెట్టారు. ఏది అసలు, ఏది నకలు అన్నది తరువాతివారికి చిక్కు ప్రశ్న అయింది.

మంచి డాక్టరు పరీక్షలు చేయకుండా కత్తి పట్టడు. కిటికీ వైద్యులు కూడా ఇప్పుడు అదే పాటిస్తున్నారు. ముందు చూడాలి, తాకకుండా చూడాలి, అన్ని రకాల కాంతిలోనూ చూడాలి. ఆ తరువాతే చేయి వేయాలి.

వెలుగు ఎటునుంచి పడాలి?

అన్నిటికంటే పాత సాధనం ఫొటో. 1939లో యుద్ధం ముంచుకొస్తుండగా ఫ్రాన్సులోని షార్త్ర్ చర్చి కిటికీలను విప్పి, పెట్టెల్లో పెట్టి దూరంగా దాచారు. యుద్ధం ముగిశాక, మిగిలిన కిటికీలన్నిటి వివరాలూ ఫొటోలతో సహా నమోదు చేయాలని అనేక దేశాల పండితులు కలిసి 1952లో కార్పస్ విట్రియారమ్ అనే పథకం ప్రారంభించారు. అది ఇంకా నడుస్తూనే ఉంది.

కిటికీని ఒక్క ఫొటో తీస్తే చాలదు. వెలుగు వెనకనుంచి వచ్చేలా తీస్తే రంగులు, గీతలు తెలుస్తాయి. ముందునుంచి పడేలా తీస్తే చిలుము, పెచ్చులు తెలుస్తాయి. పక్కనుంచి ఏటవాలుగా పడేలా తీస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఈ మూడోది మీరూ చేసి చూడవచ్చు. రాత్రి కరెంటు పోయినప్పుడు టార్చిలైటును గోడకు ఆనించి పక్కనుంచి వేయండి. సున్నం కింద ఎప్పుడో సీనియర్లు చెక్కిన పేర్లు పైకి తేలతాయి. గాజు మీద కూడా అంతే. రంగు రాలిపోయినా, అది ఉన్నంతకాలం కింది గాజును కొంత కాపాడింది. కాబట్టి అక్కడి గాజు చుట్టుపక్కల గాజులాగా తినేసి ఉండదు. పక్క వెలుగులో ఆ తేడా కనిపించి, పోయిన గీత తిరిగి దొరుకుతుంది.

కంటికి కనిపించని కాంతి

బ్యాంకులో దొంగనోటు పట్టే మిషను చూశారా? అతినీలలోహిత కాంతి పడగానే నోటులోని దారం మెరుస్తుంది. కిటికీ మీద ఆ కాంతి వేస్తే, ఈమధ్య కాలంలో పూసిన జిగుర్లు, రెసిన్లు, కొన్ని పూతలు మెరుస్తాయి. పాత మరమ్మతు ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది.

దీనికంటే లోతైనది హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా. మన ఫోన్ కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగులను మాత్రమే కొలుస్తుంది. ఈ కెమెరా అదే కాంతిని పదుల, వందల సన్నని పట్టీలుగా విడదీసి, బొమ్మలోని ప్రతి బిందువుకూ పూర్తి వర్ణపటం ఇస్తుంది. కంటికి కనిపించని పరారుణ భాగాన్ని కూడా కొలవగలదు.

దీనివల్ల లాభం ఏమిటి? ప్రతి లోహమూ కాంతిలో తనకు నచ్చిన భాగాన్ని మింగేస్తుంది. కోబాల్ట్ సుమారు 540, 590, 640 నానోమీటర్ల దగ్గర మూడుచోట్ల మింగుతుంది. రాగి 800 నానోమీటర్ల చుట్టుపక్కల, ఒక రూపంలోని ఇనుము 1100 చుట్టుపక్కల మింగుతాయి. కంటికి ఒకేలా కనిపించే రెండు నీలపు ముక్కల్లో ఒకటి కోబాల్ట్‌ది, మరొకటి రాగిది అయితే వర్ణపటం వెంటనే చెప్పేస్తుంది. అంటే ఆ రెండూ ఒకే కుండలో కరిగినవి కావన్నమాట. కిటికీ అంతటా ఇలా చూసుకుంటూ పోతే ఏ ముక్కలు ఒక జట్టువో, ఏవి తరువాత వచ్చి చేరాయో ఒక పటంలాగా బయటపడుతుంది.

ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. కిటికీ వెనక మబ్బు కదిలినా, చెట్టుకొమ్మ ఊగినా కొలత మారిపోతుంది. అందుకని కిటికీ వెనక తెల్లటి పలక పెట్టి వెలుగును సమంగా పరుస్తారు. గాజు లేకుండా ఆ వెలుగు ఎంత ఉందో ముందే కొలిచి, దానితో పోల్చుకుంటారు.

కాంటర్‌బరీ కిటికీ వయసు తేలింది

నగల దుకాణాల్లో క్యారెట్ మీటరు అని ఒక యంత్రం ఉంటుంది. గొలుసును అందులో పెడితే, గీటురాయి మీద గీయకుండానే బంగారం ఎంతో, రాగి ఎంతో తెర మీద చూపిస్తుంది. లోపల జరిగేది ఎక్స్ కిరణాల పని. ఎక్స్ కిరణం తగిలిన పరమాణువు తనదైన శక్తి గల మరో ఎక్స్ కిరణాన్ని తిరిగి విసురుతుంది. దాన్ని కొలిస్తే ఆ మూలకం ఏదో తెలుస్తుంది. చేతిలో పట్టుకునే ఇలాంటి యంత్రాన్నే ఇంగ్లండులోని కాంటర్‌బరీ కెథెడ్రల్‌లో వాడారు.

ఇక్కడ రెండు అడ్డంకులు వచ్చాయి. మొదటిది, సీసపు పట్టీలు గాజు కంటే ఎత్తుగా ఉండటంతో యంత్రం ముక్కు గాజుకు ఆనదు. మధ్యలో ఖాళీ మిగిలితే లెక్క తప్పుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు త్రీడీ ప్రింటరుతో ఒక చిన్న తొడుగు చేసుకున్నారు. దాన్ని తగిలిస్తే గాజుకూ యంత్రానికీ మధ్య దూరం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. రెండోది చిలుము. పైపొరలో పొటాషియం వంటి తేలిక మూలకాలు కడుక్కుపోయి ఉంటాయి కనుక వాటిని నమ్మలేం. స్ట్రాన్షియం, జిర్కోనియం వంటి బరువైన మూలకాలు విసిరే కిరణాలకు శక్తి ఎక్కువ. అవి చిలుము కింది లోతునుంచి కూడా బయటికి రాగలవు. అందుకే వాటి మీద ఆధారపడ్డారు.

కాంటర్‌బరీ చర్చిలో 1174లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. అక్కడి కిటికీల్లో ఏసు పూర్వీకుల బొమ్మల వరుస ఒకటి ఉంది. అది ఆ మంట తరువాత చేసినదనే చాలాకాలం అనుకున్నారు. వాటిలో కొన్ని బొమ్మల శైలి ఇంకా పాతదిగా ఉందని మాడలిన్ కేవినెస్ అనే కళాచరిత్రకారిణి 1980లలోనే రాసింది. శైలిని బట్టి చెప్పిన మాటను కొలిచి తేల్చే దారి అప్పుడు లేదు. 2021లో వచ్చిన పరిశోధన ఫలితం ఆమె మాటను బలపరిచింది. నాతాను బొమ్మ వంటివి 1130-1160 మధ్యకాలానికి చెందినవని తేలింది. అంటే అవి మంటల్లోంచి బయటపడి, కొత్త గోడలోకి చేరాయి. 1170లో ఆ చర్చిలోనే ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను చంపారు. ఆ నాటికి ఆ గాజులు అక్కడే ఉన్నాయన్నమాట. ఒక్క ముక్క కూడా పగలగొట్టకుండా ఇంత చరిత్ర బయటికి వచ్చింది.

కొలత మిగిలితే కట్టడం మిగులుతుంది

2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్రదామ్ చర్చి పైకప్పు తగలబడటం టీవీల్లో మనమంతా చూశాం. ఆ చర్చిని ఆండ్రూ టాలన్ అనే అమెరికా ఆచార్యుడు 2010 నుంచే లేజర్ యంత్రంతో కొలిచి పెట్టాడు. లేజర్ కిరణం గోడకు తగిలి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. అలా నూరు కోట్లకు పైగా బిందువులు నమోదయ్యాయి. టాలన్ 2018లో చనిపోయాడు. తన కొలతలు ఎంత అవసరపడతాయో ఆయన చూడలేదు. చర్చి తిరిగి కట్టినవారికి ఆ కొలతలు కూడా అక్కరకు వచ్చాయి. 2024 డిసెంబరులో అది మళ్ళీ తెరుచుకుంది.

గులాబీ పువ్వు ఆకారంలో ఉన్న మూడు పెద్ద కిటికీలూ ఆ మంటను తట్టుకున్నాయి. అయితే పైకప్పులోని సీసం కరిగి, దాని ధూళి చర్చి అంతటా పరుచుకుంది. పైగోడల కిటికీలను విప్పి, ఫ్రాన్సులోనూ జర్మనీలోని కొలోన్‌లోనూ ఉన్న పనిశాలల్లో శుభ్రం చేసి తిరిగి బిగించారు.

లేజర్‌కు గాజుతో పేచీ ఉంది. రాతి గోడ కిరణాన్ని తిరిగి పంపుతుంది కానీ గాజు దాన్ని పోనిచ్చేస్తుంది. కాబట్టి లేజర్ రాతిచట్రం కొలతలు ఇస్తే, గాజు బొమ్మలకు ఫొటోలు, వర్ణపటాలు కావాలి. ఏ ఒక్క సాధనమూ అన్నీ చెప్పదు. స్టడీ అవర్‌లో ఒకరికి లెక్కలు, ఒకరికి ఇంగ్లీషు వస్తే కలిసి కూర్చున్నట్టు, ఈ సాధనాలనూ కలిపి కూర్చోబెట్టాలి.

చూశాక ఏం చేస్తారు?

ఇంగ్లండులోని యార్క్ మిన్‌స్టర్ తూర్పు కిటికీ ఇందుకు మంచి ఉదాహరణ. టెన్నిస్ కోర్టు అంత ఉండే ఆ కిటికీని జాన్ థార్న్‌టన్ అనే పనివాడు 1405లో ఒప్పుకుని 1408కల్లా పూర్తిచేశాడు. ఒప్పందం వివరాలు మిగలడంవల్ల ఆయన పేరు తెలిసింది. ఆయన కింద పనిచేసినవారి గుర్తు గాజు మీది గీతల్లోనే ఉంది. 2008లో మొదలుపెట్టి ఆ కిటికీలోని 311 పలకలనూ విప్పి, ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, 2018 నాటికి మళ్ళీ నిలబెట్టారు. పాత మరమ్మతుల్లో పగుళ్ళ మీద అడ్డదిడ్డంగా వేసిన సీసపు పట్టీలు తీసి, ముక్కలను రెసిన్‌తో అతికించారు. ముఖాలు మళ్ళీ ముఖాల్లా కనిపించాయి. బయటివైపు అతినీలలోహిత కిరణాలను ఆపే మరో గాజు పొర పెట్టారు. రెండింటి మధ్య గాలి ఆడటంవల్ల పాత గాజు మీద చెమ్మ పట్టదు. వాన దాన్ని తాకదు.

ఇంకా పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో మళ్ళీ అదే చోటునుంచి, అదే వెలుగులో ఫొటోలు తీసి పాతవాటితో పోలిస్తే జబ్బు పెరిగిందో ఆగిందో తెలుస్తుంది. ఈ రోజు తీసిన ఫొటో రేపటి వైద్యుడికి కేసు షీటు వంటిది.

అయితే ఫొటో ఉంది కదా అని కిటికీని వదిలేయకూడదు. కంప్యూటర్ తెర మీది నీలం, సూర్యుడు గాజులోంచి పంపే నీలం ఒకటి కావు. ఆ ఫొటోలనైనా జాగ్రత్త చేయకపోతే, పాడైన డిస్కుతోపాటు అవీ పోతాయి.

మనకేమిటి?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఎక్కడో విదేశంలోని కిటికీల గొడవ మనకెందుకని అడగవచ్చు. ఇందులో వాడిన విజ్ఞానమంతా మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. కాంతి, వర్ణపటం, పరమాణువు, ఆక్సీకరణం. మార్కుల కోసం బట్టీపట్టే ఆ పాఠాలతోనే ఎనిమిది వందల ఏళ్ల కిందటి పనివాడి చేతిగీతను వెనక్కి తెస్తున్నారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్, చరిత్ర, ఏది చదివినా ఈ రంగంలో చోటుంది.

మన చుట్టూ కూడా చెరిగిపోతున్నవి ఎన్నో ఉన్నాయి. ఊరి పొలిమేరలో అరిగిపోయిన శాసనం మీద సాయంత్రం పూట పక్కనుంచి వెలుగు వేసి ఫోన్‌తో ఫొటో తీస్తే, పగలు కనిపించని అక్షరం కనిపించవచ్చు. పక్కన ఒక స్కేలు పెట్టండి. తేదీ, చోటు రాసుకోండి. సుద్దతో దిద్దకండి, నూనె పూయకండి, గీకకండి. ముందు చూడండి.

మన హాస్టల్లోనే పాత బ్యాచ్‌ల గ్రూపు ఫొటోలు గోడ మీద చెమ్మకు తెల్లబడుతున్నాయి. ముందువరుసలో కుర్చీల్లో కూర్చున్నవారి పేర్లు కింద రాసి ఉంటాయి. వెనక నిలబడ్డ వంటమనిషి, వాచ్‌మన్ పేర్లు చాలావాటిలో ఉండవు. వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థులు ఒక పూట కేటాయించి, ఆ ఫొటోలను అద్దంలోంచి తీయకుండానే మంచి వెలుగులో కెమెరాకు ఎక్కించి, గుర్తున్న పేర్లన్నీ రాసిపెడితే బాగుంటుంది. ఆ ముఖాలను గుర్తుపట్టగలవాళ్ళు మనమే.